లిపి ఎవరిచ్చారు? గిరిజనులు చెప్పే అక్షర గాథలు

రాజేంద్రనగర్: ‘మీ భాషకు లిపి ఉందా?’ చదువుల కోసం, కొలువుల కోసం నగరానికి చేరిన గిరిజన యువతకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. శంషాబాద్ పరిసర తండాల్లో పుట్టిన లంబాడా బిడ్డకైనా, ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చిన గోండు విద్యార్థికైనా దీని నుంచి తప్పించుకోవడం కష్టం. లేదని చెప్పగానే ‘అయితే అది యాసే’ అని తీర్పు చెప్పేవారికి మన మధ్య కొదవ లేదు. ఈ తీర్పునకు గిరిజన సమాజాలు ఎన్నడో సమాధానం సిద్ధం చేసుకున్నాయి. తమ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరిచ్చారో, ఎందుకు పోయాయో వివరించే గాథలు వారికి ఉన్నాయి. వాటిలో కొన్ని తెలుగు నేలపైనే, తెలుగు నేల పొలిమేరల్లోనే పుట్టాయి.

నిజానికి భాష వేరు, లిపి వేరు. ఏ భాషనైనా ఏ లిపిలోనైనా రాయవచ్చు. ఇంగ్లీషు వారు రాసేది రోమనుల నుంచి వచ్చిన లిపి. హిందీ, మరాఠీ, నేపాలీ భాషలు మూడూ ఒకే నాగరి లిపిని పంచుకుంటున్నాయి. అంతమాత్రాన వాటిని ఎవరూ భాషలు కావనడం లేదు. గిరిజన భాషల విషయానికి వచ్చేసరికి మాత్రం లిపి ఉన్నదా లేదా అన్నదే భాషకు కొలబద్ద అయి కూర్చుంది. గిరిజనుల అక్షర గాథలను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఈ వివక్షను గుర్తుంచుకోవాలి.

గుంజాలలో దాగిన ప్రతులు

రాజేంద్రనగర్‌కు పొరుగునే గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు నేతృత్వంలో ఈ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో సుమారు 12 చేతిరాత ప్రతులను వెలుగులోకి తెచ్చారు. అందులోని అక్షరాలు తెలుగువి కావు, నాగరివీ కావు. అది గోండి భాషను రాసిన ప్రత్యేక లిపి. ప్రతుల్లో తొలివి దాదాపు 1750 ప్రాంతానికి చెందినవని పరిశోధకులు అంచనా వేశారు. చంద్రపూర్ గోండు రాజుల ముచ్చట్లు, గోండులకూ పర్ధానులకూ ఉన్న అనుబంధం, దూరదేశాలతో సాగిన వర్తకపు ప్రస్తావనలు వాటిలో ఉన్నట్లు వారు వెల్లడించారు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. పాత లిపి ఏదైనా దొరికితే దాన్ని చదవడానికి పండితులు ఏళ్ల తరబడి తలలు పట్టుకోవడం మామూలే. గుంజాలలో ఆ అవసరం రాలేదు. ఆ అక్షరాలు చదవగలిగిన వృద్ధులు కొద్దిమంది గ్రామంలో అప్పటికి సజీవులై ఉన్నారు. పండితులే వారి ఎదుట విద్యార్థులయ్యారు. లిపి ఎక్కడిదన్న ప్రశ్నకు ఊరి పెద్దల మాట సూటిగా ఉంది. అది తమ తాతముత్తాతల నుంచి వచ్చిన సొత్తు. పెద్దలు నేర్పారు, తాము నేర్చుకున్నాం అన్నదే వారి చరిత్ర.

ఈ మాటకు పర్ధానుల సంప్రదాయమే దన్ను. పర్ధానులు గోండులకు వంశపారంపర్య గాయకులు. కింగ్రీ అనే తీగవాద్యం మీటుతూ గోండు దేవతల కథలు, గోత్రాల పుట్టుక, వీరుల గాథలు తరతరాలుగా గానం చేస్తున్నారు. జాతి జ్ఞాపకాన్ని కాపాడే బాధ్యత ఉన్నచోట దాన్ని కాగితంపై భద్రపరచుకునే యత్నం జరగడంలో ఆశ్చర్యం లేదు.

లిపి కట్టుబాటు బ్రాహ్మీ సంతతి లిపులకు దగ్గరగానే ఉన్నా వరుస మాత్రం వేరు. మన వర్ణమాలలో హల్లులు ‘క’తో మొదలవుతాయి. గుంజాల లిపిలో ‘య’తో మొదలై ‘వ’, ‘బ’ అంటూ సాగుతాయి. ఎవరి వర్ణమాలనో యథాతథంగా దించుకుంటే ఈ వరుస వచ్చేది కాదని సామాన్యునికైనా స్ఫురిస్తుంది.

ఒకే భాష.. రెండు లిపులు

గోండి భాషకు మరో లిపి కూడా ఉంది. దాన్ని మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో రూపొందించారు. ఆయన పేరిటే మసారాం గోండి లిపిగా స్థిరపడింది. దీని పుట్టుకలో దేవతలు లేరు, స్వప్నాలు లేవు. కర్త ఎవరో, ఏ సంవత్సరమో అందరికీ తెలుసు. అయినా మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రలలో దీన్ని నేర్చుకునే గోండులకు అది తమ జాతి సొంత లిపే.

ఇక మూడో వాదమూ ఉంది. నాగపూర్‌కు చెందిన గోండు పండితుడు మోతీరావణ్ కంగాలీ (1949-2015) సింధు నాగరికత ముద్రలపై ఉన్న రాతలను గోండి భాషలో చదవవచ్చని ప్రతిపాదించారు. సింధు లిపిని ఇంతవరకు ఎవరూ అందరూ ఒప్పుకునే రీతిలో చదవలేకపోయారు. కంగాలీ పఠనాన్ని కూడా పండితలోకం ఆమోదించలేదు. కానీ గోండు ఉద్యమకారుల్లో ఆ వాదానికి ఆదరణ దక్కింది. ‘మీకు అక్షరాలు లేవు’ అన్నవారికి ‘ఈ దేశపు తొలి అక్షరాలే మావి’ అని బదులు చెప్పే అవకాశం అందులో ఉండడమే కారణం.

కొండపై వెలసిన 24 అక్షరాలు

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లోని సవరల గాథ వేరొక తీరుది. సవర భాషకు తొలి సేవ చేసినది తెలుగువారికి చిరపరిచితులైన గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు రాశారు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. ఒక పండితుడు పరాయి భాషకు చేయగలిగిన సేవలో ఇంతకు మించినది అరుదు.

అయినా సవరలు తమ లిపి తమకే కావాలనుకున్నారు. గిడుగు జీవించి ఉండగానే, 1936లో మాంగేయి గొమాంగో అనే సవర పెద్దకు 24 అక్షరాలు సాక్షాత్కరించాయని వారి విశ్వాసం. ఆ రోజు జూన్ 18 అని కూడా చెబుతారు. ఆయన ప్రముఖ సవర నాయకుడు మాలియా గొమాంగోకు అల్లుడు. ఈ లిపికి సొరాంగ్ సొంపెంగ్ అని పేరు. 24 అక్షరాలూ 24 మంది సవర దేవతల పేర్లతో ముడిపడి ఉంటాయి. అక్షరాన్నే దైవంగా భావించి ‘అక్షర బ్రహ్మ’ అన్న పేరుతో కొలిచే సంప్రదాయం గుణుపురం పరిసర కొండల నుంచి వ్యాపించింది. ఆ ఆరాధకులు అక్షరాల ఎదుట దీపం పెడతారు. వారికి చదువు, పూజ వేర్వేరు కాదు.

సవరల సంప్రదాయ పూజల్లో జంతుబలి, సారా భాగం. అక్షర బ్రహ్మ మార్గం వాటిని వదలమంది. అప్పులు, తాగుడు, పరాధీనత నుంచి జాతిని మళ్లించాలన్న సంస్కరణాభిలాష ఆ లిపి వెనుక ఉంది. అందుకే అక్షరాలు కొండ మీదనే వెలిశాయి. కచేరీ నుంచో, మిషనరీ బడి నుంచో వచ్చి ఉంటే అవి మరొకరి దయ అయ్యేవి.

ప్రేమికుల సంకేతాలు

సంతాల్ల ఓల్ చికి లిపిది మరో అందమైన కథ. ఒడిశాలోని మయూర్‌భంజ్ ప్రాంతానికి చెందిన పండిత్ రఘునాథ్ ముర్ము (1905-1982) 1925లో ఈ 30 అక్షరాల లిపిని రూపొందించారు. తర్వాత ఆయనే ‘బిదు చందన్’ నాటకం రాశారు. బిదు, చందన్ అనే దేవతలు మానవ రూపంలో భూమి మీదకు వచ్చి, ఒకరి మనసు ఒకరికి తెలుపుకోవడానికి ఈ అక్షరాలను సృష్టించుకున్నారన్నది అందులోని కథ. కర్త కళ్లెదుటే ఉన్నాడు. అయినా ఆ కర్తే కీర్తిని దేవతలకు అప్పగించాడు. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. 2011 జనగణన ప్రకారం ఆ భాష మాట్లాడేవారు దాదాపు 73.7 లక్షలు.

జార్ఖండ్‌లోని హో తెగవారు తమ వారాంగ్ క్షితి లిపిని 13వ శతాబ్దిలోనే తమ పూర్వీకుడు సృష్టించాడని, అది మరుగున పడగా లాకో బోద్రా (1919-1986) దివ్యదర్శనంలో తిరిగి కనుగొన్నాడని చెప్పుకుంటారు. భాషావేత్తలు మాత్రం లాకో బోద్రానే లిపికర్తగా పరిగణిస్తారు.

కుక్క ఎత్తుకుపోయిన చదువు

లిపి వచ్చిన కథలే కాక, పోయిన కథలూ ఉన్నాయి. ఈశాన్య భారతంలోని మిజోలు, కుకీలు పూర్వం తమకు తోలు మీద రాసిన అక్షరాలు ఉండేవని, ఆ తోలును కుక్క తినేసిందని చెబుతారు. ఆగ్నేయాసియా కొండజాతుల్లోనూ ఇటువంటివి వినిపిస్తాయి. తోలు మీది రాతను ఆకలికి తామే కాల్చుకు తిన్నామంటారు ఆఖా జాతివారు.

ఇవి నవ్వు పుట్టించే కథలుగా పైకి కనిపిస్తాయి. వీటి అడుగున బరువైన ప్రశ్న ఉంది. మైదానంవారి చేతిలో కాగితం ఉంది, మా చేతిలో ఎందుకు లేదు? పట్టా, అప్పుపత్రం, కోర్టు నోటీసు అన్నీ కాగితాలే. ఆదిలాబాద్ గోండులు సాగుచేసుకున్న భూములు కోల్పోవడానికి కారణాల్లో ఒకటి వారి చేతిలో రాతపూర్వక ఆధారం లేకపోవడమే. కుమ్రం భీం పోరాటం 1940లో ముగిసిన తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గిరిజనుల పట్టాల కోసం కృషి చేశారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ప్రారంభింపజేశారు. అక్కడ గోండి వాచకాలు నాగరి లిపిలో వచ్చాయి. చదువు లేమి భూమిని హరిస్తుందని అడవికి అనుభవపూర్వకంగా తెలుసు. ‘మాకూ ఉండేది, పోయింది’ అనే కథలో తాము పుట్టుకతో తక్కువవారం కామన్న ధిక్కారం ఉంది.

సముద్రాల అవతలా ఇదే వాదన

కెనడాలోని క్రీ జాతి లిపి విషయంలో ఈ వివాదం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1840లో జేమ్స్ ఎవాన్స్ అనే మిషనరీ ఆ లిపిని తయారు చేశాడని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. క్రీ పెద్దల కథనం వేరు. తమవాడొకడు మరణించి ఆత్మల లోకానికి వెళ్లి, అక్కడ అక్షరాలు నేర్చుకుని, వాటిని భూర్జపత్రంపై తీసుకుని తిరిగి బతికి వచ్చాడని, మిషనరీ వాటినే అచ్చు వేసుకున్నాడని వారంటారు.

అమెరికాలోని చెరొకీ జాతికి చెందిన సెక్వోయా కథ ఇంకో రకం. ఇంగ్లీషు చదవడం రాని ఈ కంసాలి ఏళ్ల తరబడి శ్రమించి 1821 నాటికి 80కి పైగా గుర్తులతో లిపిని పూర్తి చేశాడు. అది మంత్రవిద్య అని సొంతవారే శంకించగా, కూతురికి నేర్పి, ఆమె చేత చదివించి నమ్మించాడు. 1828లో ఆ లిపిలో వార్తాపత్రిక వెలువడింది.

మన కథా అదే కదా

ఈ గాథలన్నీ అడవి జనుల అమాయకత్వమని తోసిపుచ్చే ముందు మన ఇంటి ఆచారాన్ని తలచుకోవాలి. రాజేంద్రనగర్, శంషాబాద్ ప్రాంతాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు బిడ్డలకు అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళ్తాయి. సరస్వతి సన్నిధిలో పలక మీద తొలి అక్షరం దిద్దిస్తాయి. అక్షరం అమ్మవారి ప్రసాదమన్నది మన విశ్వాసం. ఆ బాసర, ఈ గుంజాల రెండూ ఒకనాటి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనివే కావడం విశేషం.

తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మీ పేరులోనే బ్రహ్మ ఉన్నాడు. జైనుల గాథ ప్రకారం ఆదినాథుడైన ఋషభుడు తన కుమార్తె బ్రాహ్మికి ఈ లిపిని నేర్పాడు. అశోకుని శాసనాల్లోని ఆ అక్షరాలను చదివే విద్యే నశించగా, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ తిరిగి చదివాడు. భట్టిప్రోలు ధాతుపేటికల మీది రాతలు, కడప జిల్లా కలమళ్లలోని క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనం మన లిపి చరిత్రలో మైలురాళ్లు. ఈ చరిత్ర తెలిసినందున ఎవరూ బాసర ప్రయాణం మానుకోలేదు. శాసనం చెప్పేది శాసనం చెబుతుంది, పలక మీది బియ్యం చెప్పేది బియ్యం చెబుతుంది. ఇదే మర్యాద సవర కొండకూ, గోండు గూడేనికీ వర్తించాలి.

కాలాన్ని నిర్ణయించడం చరిత్రకారుని పని. సిరా, కాగితం, అక్షరాల రూపం పరిశీలించి అతడు ఒక అంచనాకు వస్తాడు. ఆ అంచనాను గౌరవించాల్సిందే. 200 ఏళ్ల లిపిని 5 వేల ఏళ్లదని చెప్పినంత మాత్రాన దాని విలువ పెరగదు. అదే సమయంలో ‘ఈ అక్షరాలు మావి’ అన్న మాటకు కాలనిర్ణయంతో నిమిత్తం లేదు. 1918 నాటిదైనా, 1936 నాటిదైనా సొంతమే.

బడిలో ఏ లిపి?

అసలు చిక్కు బడి గుమ్మం దగ్గర మొదలవుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో గోండి, కోయ, కొలామీ, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా.. మొత్తం 8 భాషల్లో బహుభాషా విద్యను ప్రారంభించింది. పాఠాలు గిరిజన భాషల్లో ఉన్నా లిపి తెలుగే. పిల్లవాడు తర్వాత తెలుగులోకి మారడం సులువవుతుందన్నది ఆ నిర్ణయంలోని హేతువు. అది తీసిపారేయదగినది కాదు. ఒకే బిడ్డ మీద మూడు నాలుగు లిపుల భారం మోపడం తేలిక విషయం కాదు. మరోవైపు ఇంటి లిపిని బడి గుర్తించకపోతే ఆ లిపి పండుగనాటి అలంకారంగా మిగిలిపోతుంది.

గుంజాల లిపికి ఈ విషయంలో కొంత మేలే జరిగింది. 2014 నాటికి కంప్యూటర్ అక్షరాలు తయారయ్యాయి. వాచకం అచ్చయింది. 15 గోండు గ్రామాల ప్రాథమిక బడుల్లో నేర్పే యత్నం జరిగింది. ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లు, ఫోన్లలో అక్షరాలకు స్థానం కల్పించే యూనికోడ్‌లో 2017లో మసారాం గోండి, 2018లో గుంజాల గోండి చేరాయి. సవర లిపి 2012లోనే చేరింది. తెలుగు అక్షరానికి ఫోనులో ఎటువంటి చోటు ఉందో, సాంకేతికంగా గుంజాల అక్షరానికీ అటువంటి చోటే ఉంది. గోండి మాట్లాడేవారు 2011 జనగణనలో దేశవ్యాప్తంగా 29.8 లక్షల మంది. సంతాలీకి దక్కిన ఎనిమిదో షెడ్యూలు గౌరవం గోండికి ఇంకా దక్కలేదు.

సొంత లిపి లేని భాషల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన సత్తుపాటి ప్రసన్నశ్రీ వేరొక మార్గం పట్టారు. పలు గిరిజన భాషలకు ఆమె స్వయంగా లిపులు రూపొందించారు. అవి విశ్వవిద్యాలయం నుంచి పల్లెకు వెళ్లాల్సిన అక్షరాలు. గుంజాలవి పల్లె నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చిన అక్షరాలు. ఏ దారిన వచ్చినా వాటిని దిద్దే చేతులు దొరకడమే ముఖ్యం.

లంబాడాల ప్రశ్న

మన ప్రాంతపు తండాల్లో వినిపించే గోర్ బోలిది మరింత విచిత్ర పరిస్థితి. తెలంగాణలో దాన్ని తెలుగు లిపిలో, మహారాష్ట్రలో నాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో రాస్తున్నారు. 2011 జనగణనలో లంబాడీని మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 32.7 లక్షలకు పైమాటే. జనగణన లెక్కల్లో వీరందరినీ హిందీ పద్దు కిందనే చేర్చారు. ఇంట్లో హిందీ ముక్క మాట్లాడని అవ్వ కూడా కాగితంపై హిందీ మనిషే. లిపి లేదన్న సాకు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. లంబాడీని ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలన్న డిమాండు ఇందులోంచి పుట్టిందే.

గిరిజన జీవనాన్ని చూడగోరేవారు ఆరాంఘర్ నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా మెహదీపట్నం చేరి, అక్కడికి సమీపంలోని మాసబ్ ట్యాంక్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ ఆవరణలోని మ్యూజియం దర్శించవచ్చు. వాద్యాలు, నగలు, పనిముట్లు అద్దాల వెనుక చూడదగినవే. లిపి మాత్రం అద్దాల వెనుక బతికే వస్తువు కాదు. గుంజాల ప్రతులను చదవగలిగిన ముసలివారు ఆనాడు కొద్దిమందే మిగిలారు. వారి వద్ద నేర్చినవారు తమ పిల్లలకు నేర్పినంత కాలమే అది లిపి. ఆ తర్వాత మిగిలేది గీతలే. ఇకపై ఏ గిరిజన విద్యార్థినైనా భాష గురించి అడగదలచినవారు లిపి ఉందా అని కాక, మీ పెద్దలు దాని గురించి ఏం చెబుతారు అని అడిగితే వినదగిన కథ ఒకటి దొరుకుతుంది.